కారణం రాయకుండా రీసెట్ నొక్కరాదు

మూడో బట్టీ పన్నెండోసారి ఆరిపోయేసరికి ఎస్తేరు క్యాంటీన్లో ఆవకాయన్నం కలుపుకుంటోంది. మొదటి ముద్ద నోటిదాకా వచ్చింది. కిటికీ అవతల హారన్ మోగింది. ఆ వెంటనే ఫ్యాక్టరీ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. బట్టీ హోరుకి అలవాటుపడిన చెవికి ఆ నిశ్శబ్దం హారన్ కంటే గట్టిగా వినిపిస్తుంది.

ఫిట్టర్ నాగభూషణం గుమ్మంలోంచి తల పెట్టాడు. "అమ్మాయిగారూ, మీ ఊరగాయ మళ్ళీ అలిగిందండి."

ఎస్తేరు చేతిలో ఉన్న ముద్దకేసి చూసుకుంది. ఆకలి చచ్చింది.

ఆ ఫ్యాక్టరీ కామవరపుకోట రోడ్డులో తెల్లమట్టి గుట్టల పక్కన ఉంటుంది. వాష్‌బేసిన్లు, కమోడ్లు చేస్తారు. ఎంటెక్ చదివి, హైదరాబాదు ల్యాబ్‌లో మూడేళ్ళు పరిశోధన చేసి, చివరికి కమోడ్లు సరిగ్గా కాలేలా చూడ్డానికి సొంతూరికే రావడం గురించి ఎస్తేరు ఎవరి దగ్గరా గొప్పలు పోదు. కానీ బట్టీలో పెట్టిన సరుకు పద్నాలుగు గంటలు ఒకే తీరులో కాలాలి. మధ్యలో మంట ఆరితే లోపలున్నదంతా నిలువునా పగులుతుంది.

ఆమె పరుగున ప్యానెల్ దగ్గరకి వెళ్ళింది. గ్యాసు వాల్వులు రెండూ మూసుకున్నాయి. ఎర్రదీపం వెలుగుతోంది. ప్యానెల్ పక్కన తెల్లటి పెట్టె, పెట్టెలో గాజు జాడీ, జాడీలో పసుపుపచ్చ ద్రవం, అందులో చిటికెనవేలి గోరంత లేత గులాబీరంగు పొర. దాన్ని చూసి ఊరగాయ అని పేరు పెట్టినవాణ్ణి తప్పుపట్టలేం.

ఆ పొర ఎస్తేరు వాళ్ళ నాన్నది.

జకరయ్య ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ బట్టీల దగ్గరే పనిచేస్తున్నాడు. మంట చెడిపోబోతుంటే కళ్ళున్న యంత్రాలన్నిటికంటే నాలుగు నిమిషాల ముందు ఆయన చెవికి తెలిసిపోయేది. ఎలా అంటే చెప్పలేడు. "గొంతు మారుద్దమ్మా" అనేవాడు. మూడేళ్ళ కిందట ఎస్తేరు ల్యాబ్ వాళ్ళు ఆయన ముంజేతి నుంచి బియ్యపుగింజంత చర్మం తీసి, అందులోంచి నరాల కణాలు పెంచారు. ఆ జాడీని బట్టీ దగ్గర పెట్టి, ఆర్నెల్లు ఆయన తలకి మెదడు సంకేతాలు పట్టే పట్టీ కట్టి పక్కనే కూర్చోబెట్టారు. ఆయన ఏ శబ్దానికి ఉలిక్కిపడితే జాడీ ఆ శబ్దానికి ఉలిక్కిపడ్డం నేర్చుకుంది. ఆపైన జాడీకి ఒక్కటే మాట చేతనయ్యేది: "ఆపు." అది అంటే ప్యానెల్ గ్యాసు మూసేస్తుంది. రెండేళ్ళపాటు అది అనవసరంగా ఆ మాట ఒక్కసారీ అనలేదు.

ఈ ఇరవై రోజుల్లో పన్నెండుసార్లు అంది.

"శుక్రవారం దాకా టైమిస్తానమ్మా," అన్నాడు మేనేజరు భానుప్రసాద్, ఎర్రదీపం వంక చూస్తూ. "శుక్రవారం లోడు పోర్టుకెళ్ళాలి. ఆలోపు లోపం దొరక్కపోతే జంపర్ వేయించేస్తా. నీ జాడీ చెత్తలోకి."

జంపర్ అంటే చిన్న వైరు ముక్క. అంతా బాగానే ఉందని ప్యానెల్‌ని నమ్మించే ముక్క. పదకొండేళ్ళ కిందట రెండో బట్టీకి ఎవరో అలాంటి ముక్కే వేశారు. మంట ఆరినా గ్యాసు ఆగలేదు. తలుపు ఎగిరి అవతలి గోడకి కొట్టుకుంది. జకరయ్య ఎడమ చేతి మీద మచ్చ అప్పటిదే. ఆసుపత్రి నుంచి రాగానే ఆయన చేసిన మొదటి పని, ఎర్రరంగు డబ్బా తెచ్చి ప్రతి ప్యానెల్ మీదా రాయడం: కారణం రాయకుండా రీసెట్ నొక్కరాదు. రిజిస్టర్లో 'ఏం జరిగింది' పక్కన 'కారణం' అని గడి గీయించిందీ ఆయనే. అది నిండకపోతే ఆయన సంతకం పడదు. మిగతావాళ్ళు మాత్రం కొన్నాళ్ళుగా సంతకం పెట్టేసి వెళ్ళిపోతున్నారు.

"జంపర్ వేస్తే నా శవం మీద వెయ్యండి సార్," అంది ఎస్తేరు.

"ఇంజనీర్లకి డైలాగులు ఎక్కువయ్యాయి," అని ఆయన వెళ్ళిపోయాడు. కానీ వైరు ముక్క మాత్రం వేయించలేదు.

*

ఒక్కసారికి ఒక్కటే మార్చు. ఇదీ జకరయ్య నేర్పిందే. రెండు మార్చి బాగైతే ఏది బాగుచేసిందో తెలీదు.

ఎస్తేరు మంటని చూసే కన్ను, అదే సెన్సరు, మార్చింది. దాని అద్దం తుడిచింది. ఎర్తు వైరు చూసింది. గ్యాసు ఒత్తిడి చూసింది. గాలి తలుపు చూసింది. అన్నీ బంగారంలా ఉన్నాయి. ఇక చేసేదిలేక రిజిస్టర్ ముందేసుకుంది.

పన్నెండిట్లో ఏడు అసలు వెలిగించేటప్పుడే ఆగిపోయినవి. ఆ ఏడూ నాగభూషణం షిఫ్టులోవే. జకరయ్యని మధ్యాహ్నం షిఫ్టుకి మార్చి సరిగ్గా మూడు వారాలైంది. అప్పట్నుంచి పొద్దున్నే వెలిగించే పని నాగభూషణానిదే.

"నేనేం చేశానండి?" అన్నాడతను. "పుస్తకంలో ఉన్నట్టే చేశాను. నిమిషంసేపు గాలి ఊదిస్తా, లోపల మిగిలిన గ్యాసు పోద్ది. తర్వాత చిన్న మంట, తర్వాత పెద్ద మంట. మీ ఊరగాయ చిన్న మంట దగ్గరే 'ఆపు' అంటుంది. మీ నాన్నగార్ని ఇంటికాణ్ణించి పిలిపిస్తే ఒక్కసారికే వెలుగుద్ది. హస్తవాసి అండి."

ఎస్తేరుకి హస్తవాసి మీద నమ్మకం లేదు. మంగళవారం పొద్దున ఆరింటికి తండ్రిని తీసుకొచ్చి, ఆయన చేసే ప్రతి పనినీ ఫోన్లో వీడియో తీసింది.

జకరయ్య గాలి ఊదించాడు. గ్యాసు పైపు దగ్గరకి నడిచాడు. జేబులోంచి స్పానర్ తీసి పైపు మీద టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు కొట్టాడు. "లెగు తల్లీ" అన్నాడు. మీట నొక్కాడు. బట్టీ భగ్గున లేచింది.

"అదేంటి నాన్నా?"

"ఏదే?"

"ఆ స్పానర్."

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. స్పానర్ ఉందన్న సంగతి అప్పుడే గమనించినట్టున్నాడు. "ఇదా? పాత వాల్వుండే రోజుల్లో బిగుసుకుపోయేది. కొట్టేవాణ్ణి. వాల్వు మార్చి పదిహేనేళ్ళయింది."

పదిహేనేళ్ళుగా అవసరం లేని ఆ మూడు దెబ్బల్నీ జాడీ ఆర్నెల్లు శ్రద్ధగా విని నేర్చుకుంది. మూడు దెబ్బలు వినపడితేనే అది పని మొదలైనట్టు లెక్క. వినపడకుండా మంట లేస్తే అది దొంగ మంట. వెంటనే ఆపు.

నాగభూషణం కడుపు పట్టుకుని నవ్వాడు. "అంత చదువుకున్న ఊరగాయకి తలుపు కొట్టాలాండి?" భానుప్రసాద్ మాత్రం నవ్వలేదు. "ఎనభై పేజీల మాన్యువల్లో స్పానర్ ఎక్కడుందమ్మా?" అని అడిగాడు. ఎస్తేరు ఎనభై ఒకటో పేజీ రాసి అతికించింది. ఏడు గళ్ళు నిండాయి.

ఐదు మిగిలాయి.

*

ఆ ఐదూ బట్టీ బాగా కాలుతుండగా నడిమధ్యలో ఆగినవి. ఎస్తేరు జాడీ లోపలి సంకేతాల్ని తెర మీద పరుచుకుంది. మూడు దెబ్బలు విన్న ప్రతిసారీ దాని గీత ఒక్కసారి పడగెత్తినట్టు లేచి పడుతుంది. ఒక కాల్పుకి ఒక్కసారే లేవాలి, పొద్దున ఆరింటికి. కానీ ఆ ఐదు రోజుల్లోనూ గీత రెండోసారి లేచింది. స్పానర్ ఎవరూ ముట్టుకోలేదు. అయినా లేచింది. ఆ తర్వాత రెండు సెకన్లకి "ఆపు."

ఆమె చాలాసేపు ఆ రెండో పడగని చూస్తూ కూర్చుంది. జాడీ దెబ్బల కోసం వెతుక్కుంటోంది. పొద్దున విన్నవి దానికి గుర్తులేవు. చుట్టూ చూస్తే మంట హోరెత్తుతోంది. ఎవరు వెలిగించారో తెలీదు. భయపడింది. ఆపమంది.

మొదటిసారి వెలిగించిన తొమ్మిది గంటలకి మర్చిపోయింది. తర్వాత ఎనిమిదికి. తర్వాత ఏడున్నరకి, ఏడుకి, ఆరున్నరకి.

బుధవారం పెట్టె విప్పింది. చల్లబరిచే ఫ్యానుకున్న జల్లెడ తెల్లమట్టి ధూళితో పూడిపోయి, అట్టకట్టి ఉంది. ముప్ఫై ఏడు డిగ్రీల్లో ఉండాల్సిన జాడీ ఏడాదిగా నలభై ఒకటిలో ఉంటోంది. ఎస్తేరుకి ఎంత సంతోషం వేసిందంటే గట్టిగా ఈలవేసింది. దొరికింది! జల్లెడ మార్చి, జాడీలోంచి ఆవగింజంత ముక్క తీసి, ఐస్‌లో పెట్టి హైదరాబాదు బస్సెక్కించింది. వేడికి దెబ్బతిన్నదని ల్యాబ్ వాళ్ళొక కాగితం ఇస్తే చాలు.

గురువారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి వైదేహి మేడమ్ ఫోన్ చేసింది.

"ఎస్తేరూ, కూర్చునే ఉన్నావా?"

"మట్టి బస్తా మీద కూర్చున్నాను మేడమ్. చెప్పండి."

"వేడికి అది తొందరగా ముసలిదైంది. నిజమే. మీ నాన్నగారి వయసుకంటే పన్నెండేళ్ళు ముందుంది. కానీ మతిమరుపు వేడివల్ల వచ్చింది కాదు. రంగు వేసి చూశాం. కణాల మధ్య మతిమరుపు జబ్బు గడ్డలు కట్టాయి. ఇంకో ఫ్యాక్టరీలో వేరేవాళ్ళ కణాల జాడీ మీదానికంటే వేడిలో ఉంది. అది ముసలిదైంది, అంతే. గడ్డల్లేవు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇది ప్యానెల్ లోపం కాదమ్మా. ఆ కణాలు ఎవరివో వాళ్ళదగ్గర్నుంచి వచ్చింది."

అవతల లోడు ఆలస్యమైన బట్టీ దగ్గర నాగభూషణం పైపు మీద టక్ టక్ టక్‌మని కొట్టి "లెగు తల్లీ" అంటున్నాడు. కుర్రాడిలా పాట కలిపి మరీ అంటున్నాడు. బట్టీ భగ్గుమంది.

*

ఆ సాయంత్రం ఎస్తేరు తల్లి దీనమ్మ ఎండుచేపలు వేయిస్తోంది. వారపు సెలవు కావడంతో జకరయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఎస్తేరు రిజిస్టర్ చంకనపెట్టుకుని వచ్చి మంచమ్మీద కూర్చుంది.

"కాఫీ తాగావా అమ్మలూ?" అన్నాడు.

"లేదు నాన్నా."

ఆయన లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "కాఫీ తాగావా?"

ఎస్తేరు చటుక్కున తలెత్తింది. "ఇందాకే అడిగావు."

"ఇందాక తాగలేదన్నావు. నీ ముందు గ్లాసు పెట్టి పావుగంటైంది. అందుకే మళ్ళీ అడిగా."

నిజమే, ముందు గ్లాసుంది. తొరక కూడా కట్టింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో తిన్నావా, తాగావా అని రోజుకి పదిసార్లు అడిగించుకుంటూనే పెరిగింది. ఇక ముందు ప్రతిసారీ లెక్కపెట్టుకుంటూ బతకాలా?

జకరయ్య రిజిస్టర్ లాక్కుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. స్పానర్ పేజీ చూసి నవ్వుకున్నాడు. తర్వాత వేలు ఆగింది.

"ఈ ఐదింటికీ కారణం గడి ఖాళీగా ఉందేంటి?"

"రేపు రాస్తాలే నాన్నా."

"రీసెట్ నొక్కారా?"

"ఎప్పుడో నొక్కేశారు."

"కారణం రాయకుండానా?" ఆయన గొంతు పెరగలేదు, కానీ దీనమ్మ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. "నీకు తెలీకపోతే తెలీదని రాయి. తెలిసీ ఖాళీగా పెట్టావంటే నీకూ ఆ వైరు ముక్క వేసినోడికీ తేడా లేదు." జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "నీకు తెలుసని నీ మొహం చెప్తోంది. రాయి."

ఎస్తేరు పెన్ను తీసుకుంది. రాసింది: జాడీకి మతిమరుపు. జబ్బు కణాల్లోనే ఉంది. కణాలు ఇచ్చినవారు: జకరయ్య.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. చేపలు మాడుతున్న వాసన వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

"బాక్సు వేడెక్కిందన్నావుగా," అన్నాడు చివరికి. "వేడికే పాడై ఉండొచ్చు."

"ఇంకో జాడీ దీనికంటే వేడిలో ఉంది నాన్నా. ముసలిదైంది గానీ మర్చిపోలేదు."

ఆయన తలూపాడు. "బాగా చూశావు." ఆ మాట ఎప్పుడూ అన్నట్టే అన్నాడు, ఆమె మొదటిసారి ఫ్యూజు మార్చిన రోజు అన్నట్టు. "అయితే నాకు మొదలైందా?"

"ఇంకా లేదు. అది నీకంటే పన్నెండేళ్ళు ముందు నడుస్తోంది."

"పన్నెండేళ్ళు," అన్నాడు.

"మందులేదా దీనికి?" దీనమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి నిలబడింది. "ఇంత చదివారుగా అందరూ కలిసి. గాజు సీసాలో మనిషి చెవి పెంచారు. మందు లేదా?"

"తయారవుతున్నవి చాలానే ఉన్నాయమ్మా. ఏది ఎవరికి పనిచేస్తుందో మనిషి మీద తేలాలంటే ఏళ్ళు పడుతుంది. తేలేసరికి ఆ మనిషి…"

"మనిషి మీదెందుకు? దాని మీద వేసి చూడు," అన్నాడు జకరయ్య.

ఎస్తేరు ఆయనకేసి చూసింది. ఆ ఆలోచన ఆమెకీ వచ్చింది, మట్టి బస్తా మీద కూర్చున్నప్పుడే. నోటితో అనే ధైర్యం రాలేదు. "అది నువ్వే నాన్నా."

"నేనిక్కడున్నానే. కాసేపట్లో మీయమ్మ మాడ్చిన చేపలు తింటాను." నవ్వబోయి ఆగాడు. "దానికి నొప్పి తెలుస్తుందా?"

"తెలీదు."

"ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ."

ఆయన ఎడమ చేతి మచ్చని రుద్దుకున్నాడు. "దానికి బట్టీ హోరు అలవాటు. ఒట్టి గదిలో పెట్టకండి. హోరు రికార్డు చేసి వినిపించండి. అంతవరకైనా చెయ్యండి." రిజిస్టర్ దగ్గరకి లాక్కుని ఐదు గళ్ళ పక్కనా ఐదు సంతకాలు పెట్టాడు. "ఎప్పుడూ పేలాకే లోపం దొరికేది మనకి. ఈసారి పన్నెండేళ్ళు ముందు దొరికింది. ఏడవకే."

"నేనేడవట్లేదు. చేపల పొగ."

*

"జాడీ తీసేస్తున్నాను సార్," అంది ఎస్తేరు శుక్రవారం పొద్దున. "మీరన్నట్టే."

భానుప్రసాద్ అనుమానంగా చూశాడు. ఇంత తేలిగ్గా గెలవడం ఆయనకి అలవాటు లేదు. "మరి జంపర్?"

"అదీ వద్దు. మంట చూసే కన్ను దాని పని అది చేస్తుంది. వినే పని మేం చేస్తాం."

జకరయ్య స్టూలు తెచ్చుకుని బట్టీ పక్కన వేశాడు. కూతురికి ఇంకోటి వేశాడు. స్పానర్ ఆమె చేతికిచ్చాడు. టక్, టక్, టక్. లెగు తల్లీ అనడానికి ఆమెకి కాస్త సిగ్గేసింది, కానీ అంది.

పద్నాలుగు గంటలు. మధ్యలో దీనమ్మ క్యారేజీ పంపింది. నాగభూషణం గంటకోసారి వచ్చి "ఊరగాయలిద్దరూ బానే ఉన్నారాండీ" అని పలకరించి పోయాడు. పదో గంటలో జకరయ్య ఉన్నట్టుండి కూతురి మోచెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా?"

"ఏమీ లేదు నాన్నా."

"కళ్ళు మూసుకో. హోరు వినకు. హోరు కింద విను."

ఆమె కళ్ళు మూసుకుంది. హోరు, హోరు, హోరు. దాని అడుగున ఎక్కడో, పాలు పొంగడానికి ముందు గిన్నె అంచున చేసే చిన్న చప్పుడు లాంటిది. ఉందా లేదా అన్నంత.

"గాలి తక్కువైంది," అందామె.

"ఎంత?"

"పావు మలుపు?"

"నన్నడుగుతావేంటి? నువ్వు విన్నావు కదా. తిప్పు."

గాలి తలుపు మీట తిప్పింది. చప్పుడు పోయింది. మంటని చూసే కన్ను చివరిదాకా ఏమీ గమనించనేలేదు. ఆ రోజు లోడులో ఒక్క ముక్క కూడా పగల్లేదు.

భానుప్రసాద్ కాగితాలు ముందేసుకుని తల గోక్కున్నాడు. "బయటికి తీసుకెళ్ళాలంటే స్క్రాపులో రాయాలి. స్క్రాపులో ఏమని రాయనమ్మా? జాడీ ఒకటి అంటే ఆడిటర్ నన్ను పిచ్చోడంటాడు."

"చెవి ఒకటి అని రాయండి సార్."

ఆయన నవ్వుతుందేమోనని ఆమె మొహంలోకి చూశాడు. నవ్వట్లేదు. జాడీ ఒకటి అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత తనే వెళ్ళి, దాన్ని కదలకుండా సర్దడానికి వాష్‌బేసిన్లు ప్యాక్ చేసే మెత్తటి అట్టపెట్టె తెచ్చాడు.

*

ఎస్తేరు జాడీ వెంటే వెళ్ళిన హైదరాబాదు ల్యాబ్‌లో పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. పొరలోంచి ఒక ముక్కని మందు వెయ్యకుండా విడిగా ఉంచి, జాడీకి మూడు దెబ్బలు వినిపిస్తారు. తర్వాత బట్టీ హోరు వినిపిస్తూ ఉంటారు. గీత రెండోసారి ఎప్పుడు లేస్తుందో టైము రాస్తారు. మందు వెయ్యకముందు మూడు గంటల పది నిమిషాలు.

మొదటి మందుకి మూడు గంటల ఐదు. రెండోదానికి రెండు గంటల నలభై. ఆ రోజు ఎస్తేరు బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి పెట్టుకుని కాసేపు నిలబడింది. మూడో మందుకి మూడు గంటల పది, అంటే వేసినా వెయ్యకపోయినా ఒకటే. ప్రతి సాయంత్రం ఫోన్లో తండ్రికి టైము చెప్తే ఆయన తన పుస్తకంలో రాసుకునేవాడు. ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఒక్కటే మార్చావా?"

నాలుగో మందు వేసిన మూడోవారం ఆయనే వచ్చాడు. చేతిసంచిలో దీనమ్మ చేసిన జంతికలు, వాటి కింద స్పానర్.

"రికార్డు చేసిన దెబ్బలు దానికి సరిగా ఆనట్లేదేమో," అన్నాడు. "నేనే కొడతా."

"అది కూడా మార్పేగా నాన్నా. ఒక్కసారికి ఒక్కటే అన్నావు."

జకరయ్య ఇరుకునపడ్డాడు. స్పానర్ చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అయితే ముందు మందు వెయ్యని ముక్కకి కొడతా. తర్వాత దీనికి కొడతా. తేడా తెలుస్తుంది."

వైదేహి మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, "ఈయన్ని మన ల్యాబ్‌లో పెట్టేసుకుందామా?" అంది.

మందు వెయ్యని ముక్కకి ముందురోజు కొట్టారు. ఎప్పటిలాగే మూడు గంటల పది. కాబట్టి దెబ్బల వల్ల తేడా లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి జకరయ్య బల్ల ఇనప కాలు మీద టక్, టక్, టక్ అని కొట్టి, జాడీ మీదకి వంగి, మెల్లగా "లెగరా" అన్నాడు. తెర మీద గీత పడగెత్తి పడింది.

తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. హోరు వినిపిస్తూనే ఉంది. జంతికలు తిన్నారు. ఆయన కిటికీలోంచి ట్రాఫిక్ చూసి, ఇన్ని ఇంజన్లలో ఒక్కటీ సరిగ్గా ట్యూన్ చేసి లేదన్నాడు. పన్నెండింటికి ఇద్దరూ మాటలు మానేశారు.

మూడు గంటల తొమ్మిది. మూడు గంటల పది.

గీత లేవలేదు.

మూడు ఇరవై. మూడు ఇరవై ఆరు. గీత నున్నగా, తన పని తను చేసుకుంటున్నట్టు సాగిపోతూనే ఉంది. ఎస్తేరు ఊపిరి గట్టిగా తీస్తే అది ఎక్కడ వింటుందోనని భయపడుతోంది.

"టైము రాస్తున్నావా?" అన్నాడు జకరయ్య గుసగుసగా.

"రాస్తున్నా."

"కారణం?"

ఆమె రిజిస్టర్ మీద పెన్ను ఆపింది. మందు పనిచేసిందా, ఈ ఒక్కరోజుకేనా, ఇంకేమైనానా? "ఇంకా తెలీదు నాన్నా."

"తెలీదని రాయి," అన్నాడాయన, స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుంటూ. "రీసెట్ మాత్రం నొక్కకు."